తొందర టైము, నిదానం టైము

టొపీకా, ఇండియానా
మార్చి 26, 2006

ప్రియమైన ఓర్ఫా అక్కకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మంచు కరిగి పెరడంతా బురద. పిల్లల బూట్లు కడగడంతోనే నా పొద్దు గడిచిపోతోంది. బఠానీలు నాటేశాను. ఈసారి నీకన్నా ముందు నాటానని గొప్పలు చెప్పడానికే ఈ ఉత్తరం అనుకుంటావేమో, అది సగమే నిజం.

వచ్చే ఆదివారం నుంచి ఇండియానా అంతా గడియారాలు గంట ముందుకు తిప్పాలట. నీకు ఇది నవ్వులాటగా ఉంటుంది. ఒహాయోలో ఇంగ్లీషువాళ్ళు వేసవికి ముందుకు తిప్పడం, చలికాలానికి వెనక్కి తిప్పడం, మన సంఘం మాత్రం వాళ్ళది తొందర టైము, మనది నిదానం టైము అని చెప్పి కదలకుండా కూర్చోవడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదానివి. పెళ్ళయి ఇక్కడికొచ్చాక నేను ఆ గొడవే మరిచిపోయాను. నేనొచ్చిన ఇన్నేళ్ళలో ఇక్కడ ఎవరూ తిప్పలేదు, ఇంగ్లీషువాళ్ళకీ మాకూ ఒకటే టైము. ఇప్పుడు రాష్ట్రం చట్టం మార్చింది.

నన్ను కంటి డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళే డెబ్బీ మొన్న అడిగింది, "మమ్మల్నందర్నీ ఇంగ్లీషువాళ్ళంటారేంటి లిడియాన్, మా తాత పోలండువాడు" అని. కార్లూ కరెంటూ వద్దనుకున్న మా సంఘంవాళ్ళు కాకపోతే మాకు అందరూ ఇంగ్లీషేనని చెప్పాను. అయితే ఈ ఇంగ్లీషావిడ వచ్చే వారం నుంచి గంట ముందే వస్తుంది, తయారై ఉండమని నవ్వింది.

మెర్ల్‌కి సంతోషంగానే ఉంది. ట్రైలర్ల ఫ్యాక్టరీ తొందర టైముకి మారుతుంది కాబట్టి పని అయి వచ్చాక ఇంకా బోలెడు వెలుగుంటుందని లెక్కలు వేస్తున్నాడు. పెళ్ళి నిశ్చయమైనప్పుడు అతను నాకిచ్చిన గడియారం వంటింట్లో ఉంది కదా, అలవాటు కావాలని కుర్చీ ఎక్కి దాన్ని ఒకసారి ముందుకు తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పాడు. మా మామయ్య మెన్నో అప్పుడే భోజనానికి వచ్చారు. అత్తయ్య ద్రుసిల్లా పోయినప్పటి నుంచి పెరట్లో చిన్నింట్లో ఒక్కరే ఉంటున్నా, భోజనం మాతోనే. మెర్ల్ చేస్తున్నది చూశారు. ఆయన అప్పట్లో అత్తయ్యకిచ్చిన గడియారం చిన్నింట్లో ఉంది. దాని కింద కూర్చుని ఆవిడతో కాఫీ తాగాల్సిన మనిషి, మా గడియారం కింద కూర్చుని నూడుల్స్ తిన్నారు, అంతే.

సంఘం ఏ టైము పాటించాలో ఏప్రిల్ తొమ్మిదిన సమ్మతి ఆదివారం నాడు తేలుస్తారు. నీ అభిప్రాయం నాకు తెలుసు, అయినా రాయి.

నీ చెల్లెలు,
లిడియాన్


మౌంట్ హోప్, ఒహాయో
ఏప్రిల్ 3, 2006

ప్రియమైన చెల్లికి,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ బఠానీల మీద మంచు కురవాలని నేను ప్రార్థన చేయలేదు, కురిస్తే మాత్రం నన్నడగొద్దు.

నా అభిప్రాయం కావాలన్నావు. ఆవుకి గడియారం లేదు. దాని పొదుగు నిండే వేళకి నిండుతుంది. దాని దగ్గరికి గంట ముందు వెళ్ళి చట్టం మారిందని చెప్పి చూడు. పిల్లల్ని ఎండ ఇంకా కిటికీలో ఉండగా పడుకోబెట్టి చూడు. పొద్దున మన దగ్గర లాక్కున్న వెలుగునే సాయంత్రం చేతిలో పెట్టి, బహుమతి ఇచ్చినట్టు నవ్వుతారు. మా పక్క పొలం ఇంగ్లీషాయన తిప్పిన వారమంతా కళ్ళు వాచి తిరుగుతాడు. ఏమైందయ్యా అంటే నిద్ర చాల్లేదంటాడు. ఎవరు తిప్పమన్నారు?

నాన్న ఏమనేవాడో గుర్తుందా? ఎవరైనా టైమడిగితే ముందు ఆకాశం చూసి, తర్వాత జేబులోంచి గడియారం తీసి, అది ఒప్పుకుందో లేదో చూసుకునేవాడు.

మరిది ఫ్యాక్టరీకి వెళ్తాడు, నిజమే. కానీ ఫ్యాక్టరీ సంఘంలోకి రాకూడదు. మీ మామగారికి నా వందనాలు చెప్పు. గట్టిగా నిలబడమను.

నీ అక్క,
ఓర్ఫా


టొపీకా, ఇండియానా
ఏప్రిల్ 24, 2006

ప్రియమైన అక్కకు,

వందనాలు. నీ వందనాలు మామయ్యకి చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

సమ్మతి ఆదివారం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పొద్దుటి నుంచి ప్రసంగాలు, చివర్లో బిషప్పు ఫ్రీమన్ నియమాలు చదివారు. ఈసారి కొత్తది ఒకటే. ఆరాధనలకీ, ఇళ్ళకీ, బడికీ అన్నిటికీ తొందర టైమే. ఒక ఇంట్లో రెండు టైములుంటే ఒక నోట్లో రెండు మాటలుంటాయని ఆయన భయం. సగం మంది మగవాళ్ళు ఫ్యాక్టరీల్లో ఉన్నారు, ఇంకేం చేస్తారు? పెద్దలు ఒకరు మగవాళ్ళ వరసలో, ఒకరు ఆడవాళ్ళ వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్ళారు. అందరూ సమ్మతమే అన్నారు. నేనూ అన్నాను. మామయ్య దగ్గరికి వచ్చేసరికి ఆయన తల వంచుకుని, "నేను ఆ మాట చెప్పలేను" అన్నారు.

కారణం అడిగారు. సూర్యుణ్ణి దేవుడు పెట్టాడు, మనం జరపకూడదు అన్నారు. అక్కా, ఆయన నాకు ఇన్నేళ్ళుగా తెలుసు. అలాంటి మాటలు ఆయనవి కావు. అరువు తెచ్చుకున్న కోటు వేసుకున్నట్టుంది.

ఒక్కరు కాదన్నా సంఘంలో శాంతి లేనట్టే కదా, శాంతి లేకుండా రొట్టె విరవకూడదు. ఈ వసంతంలో ప్రభువు బల్ల జరగలేదు. ఈస్టర్ వచ్చి వెళ్ళిపోయింది, మేమెవరం రొట్టె ముట్టలేదు. తన తండ్రి మూలంగా సంఘమంతా పస్తుంటోందని మెర్ల్‌కి తల తీసేసినట్టుంది. ఇంటికొచ్చి ఆయనతో ఒకే మాట అన్నాడు. "మీ ఒక్కరి పంతానికి మా అందరి ఆకలా నాన్నా?" మామయ్య టోపీ పెట్టుకుని చిన్నింటికి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు నేను రెండుసార్లు వడ్డిస్తున్నాను. మెర్ల్‌కీ పిల్లలకీ తొందర టైములో, మామయ్యకి నిదానం టైములో. ఆయన వచ్చే వేళకి మెర్ల్ కావాలనే తోటలోకి పోతాడు.

నీకు కోపం వచ్చినా ఇంకో మాట రాస్తాను. ఆ సాయంత్రపు వెలుగు నాకు నచ్చింది. అంట్లు కడిగాక కూడా ఎండ ఉంటుంది. మెర్ల్ పిల్లలతో కలిసి కంచె బాగు చేశాడు. పోయినేడాది ఇదే రోజుల్లో లాంతరు వెలుగులో తప్ప అతని మొహం నాకు సరిగా కనపడేది కాదు. కాబట్టి మామయ్యని నిలబడమని ఇంకోసారి రాయకు. ఇక్కడ ఆయన నిలబడితే కూలేది నా ఇల్లే.

లిడియాన్


మౌంట్ హోప్, ఒహాయో
మే 9, 2006

ప్రియమైన లిడియాన్‌కి,

చివర "నీ చెల్లెలు" అని రాయడం మరిచిపోయావు. నేను గమనించను అనుకున్నావా?

మీ బల్ల ఆగిపోయినందుకు నిజంగా బాధపడ్డాను. నేను అంత దూరం ఆలోచించలేదు. కానీ నా మాట మార్చుకోను. మారిస్తే ఏమవుతుందో మన తాతమ్మ కాలంలో చూశారు. రెండు పక్షాలూ పోట్లాడుకుని చివరికి అరగంట జరుపుకుందామని రాజీపడ్డారట. అరగంట! ఇంగ్లీషువాళ్ళతో కలవదు, సూర్యుడితో కలవదు. పక్క సంఘంలో అంత్యక్రియలకి వెళ్తే సగం ప్రసంగం అయిపోయి ఉండేదట. రాజీ అంటే అదీ. అందుకే మేం ఇక్కడ ఏదో ఒకటి పట్టుకుని కూర్చున్నాం. నాకు మా నిదానం టైముతో ఏ రోజూ ఏ ఇబ్బందీ రాలేదు. సంతలో నేను తీపి పైలు అమ్మే చోటికి వచ్చే ఇంగ్లీషువాళ్ళు కూడా సర్దుకుపోతారు.

పైలలోకి వేసే రుబార్బ్ కాడలు ఈసారి బాగా వచ్చాయి. మీ అమ్మాయి రోసన్నాకి నా ముద్దులు.

నీ అక్క,
ఓర్ఫా

లిడియాన్, నేను మీ బావ ఎర్విన్‌ని. కవరు అంటించమని నా చేతికిచ్చి మీ అక్క కోళ్ళ దగ్గరికి వెళ్ళింది. సంతకి ఆలస్యం కాకూడదని ఆవిడ పిండి డబ్బా వెనక తొందర టైము గడియారం ఒకటి దాచుకుంది. మూడేళ్ళుగా అక్కడే ఉంది. నాకు తెలీదనుకుంటోంది. చెప్పకు.


టొపీకా, ఇండియానా
జూలై 16, 2006

ప్రియమైన అక్కకు,

వందనాలు. చాలా రోజులు రాయలేదు. నీ మీద కోపం కాదు. నీ పిండి డబ్బా వెనక గడియారం గురించి బావ రాసింది చదివి నవ్వి నవ్వి కోపం అప్పుడే పోయింది. (అవును, చెప్పేశాను. ఆయన చెప్పొద్దంటే చెప్పమనే కదా.) రాయడానికి మంచి మాట లేక ఊరుకున్నాను.

ఇప్పుడు రాసేది బావకి కూడా చూపించకు. చదివి పొయ్యిలో వేసెయ్యి.

మొన్న మామయ్య భోజనానికి రాలేదు. గుండె నీరసంగా ఉంటోంది ఈ మధ్య, అందుకని గిన్నెలో పెట్టుకుని చిన్నింటికి నేనే వెళ్ళాను. ఆయన అత్తయ్య గడియారం ముందు నిలబడి, తలుపు తీసి, లోలకం కింద ఉన్న చిన్న మరను వేలితో తిప్పుతున్నారు. వెనకబడుతోందా మామయ్యా, ముళ్ళు జరిపితే సరిపోదా అన్నాను. జరపబోయాను కూడా. నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. అత్తయ్య మంచాన ఉన్న ఆఖరి వారంలో ఆ గడియారం కొంచెం తప్పుతోందని గొడవ చేసిందట. కుర్చీ దగ్గరికి జరిపించుకుని, ఈయన నడుం పట్టుకుంటే, తనే ముళ్ళు సరిచేసిందట. "అవి ద్రుసిల్లా పెట్టిన ముళ్ళమ్మా. వారం వారం తాళం ఇస్తాను. వేగం తప్పితే కింద మర సవరిస్తాను. ముళ్ళ మీద మాత్రం ఇంకో చెయ్యి పడలేదు" అన్నారు.

గడియారం ఒక్కసారి కూడా ఆగకుండా చూసుకుంటున్నారు అక్కా. ఆగితే మళ్ళీ ముళ్ళు తిప్పాలి కాబట్టి.

ఇదే మాట సంఘంలో చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. నలుగురి ముందు ఒక వస్తువుని పట్టుకుని వేలాడే మనిషినని చెప్పుకోవాలా అన్నారు. మనకి వస్తువుల మీద మమకారం ఎంత తప్పో జీవితమంతా విన్న మనిషి. ఆయనకి అది సిగ్గు. అందుకే సూర్యుణ్ణి అడ్డం పెట్టుకున్నారు. మెర్ల్‌కి చెప్పనని నా చేత మాట తీసుకున్నారు.

ఇప్పుడు రాత్రి భోజనం దగ్గర మెర్ల్ తండ్రి పంతం గురించి మాట్లాడితే నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంటున్నాను. చెప్తే ఆయనకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే కొడుకు తండ్రికి ఇంకా దూరమవుతాడు. ఏం చెయ్యను?

నీ చెల్లెలు,
లిడియాన్


మౌంట్ హోప్, ఒహాయో
జూలై 25, 2006

నా ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం కాల్చేశాను. కాల్చే ముందు రెండుసార్లు చదివి పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

గట్టిగా నిలబడమని ఆ పెద్దాయనకి కబురు పంపినందుకు సిగ్గేస్తోంది. నేను ఆవుల గురించీ ఎండ గురించీ ఉపన్యాసాలిస్తుంటే ఆయన ఏం పట్టుకుని నిలబడ్డాడో చూడు. పిండి డబ్బా వెనక గడియారం సంగతి నిజమే. ఎర్విన్‌తో నాలుగు రోజులు మాట్లాడలేదు, తర్వాత గడియారాన్ని బల్ల మీదికి తెచ్చి పెట్టాను. మా వంటింట్లో ఇప్పుడు రెండూ బాహాటంగా టిక్కుటిక్కుమంటున్నాయి. ఇల్లేమీ కూలలేదు.

నీకు నేనిచ్చే సలహా ఇంతే. మాట ఇచ్చావు కాబట్టి నిలబెట్టుకో. మెర్ల్‌కి తండ్రి నోటినుంచే తెలియాలి. ఇంకొకరు చెప్తే అది జాలి అవుతుంది. ఆయన్ని ఒంటరిగా తినకుండా చూడు. నువ్వయినా ఆ వేళకి పక్కన కూర్చో.

ఇంకోటి ఆలోచించాను. ఆ గడియారం ఇప్పుడు తప్పు కావచ్చు. కానీ అక్టోబరు చివర ఇంగ్లీషువాళ్ళంతా మళ్ళీ వెనక్కి తిప్పుకుంటారు. ఆరోజు దేశం మొత్తం నడిచి మీ అత్తగారి గడియారం దగ్గరికే వస్తుంది. ఆవిడ ముళ్ళు కదలక్కర్లేదు. అప్పటిదాకా ఓపిక పట్టగలరేమో చూడు.

మీ సంఘం ఆరాధనకి ఒక టైము పెట్టుకోవడం సబబే. ఇళ్ళల్లోకి దూరి ముళ్ళు లెక్కపెట్టడమే ఎక్కువ. మా బిషప్పు మా గోడల వైపు ఎప్పుడూ చూడడు. ఇది ఫ్రీమన్‌కి ఎవరు చెప్తారో నాకు తెలీదు.

నీ అక్క,
ఓర్ఫా


టొపీకా, ఇండియానా
సెప్టెంబరు 28, 2006

ప్రియమైన అక్కకు,

వందనాలు. నువ్వు చెప్పినట్టే మామయ్యతో పాటు రెండో భోజనం తింటున్నాను. గౌన్లు బిగుతవుతున్నాయి. దానికి బాధ్యత నీది.

నువ్వు ఆవుల గురించి రాసింది నిజమే, నిదానంగా తెలిసొస్తోంది. పొద్దున్న బడికి వెళ్ళే వేళకి చిమ్మచీకటి. టీచరు పిల్లలందరికీ మెరిసే పట్టీలు కుట్టించింది. గుర్రబ్బండి లాంతరు వెలిగించుకుని రోడ్డెక్కాలంటే నాకు భయంగా ఉంటోంది. ఏప్రిల్‌లో నేను పొగిడిన సాయంత్రపు వెలుగుకి ఇప్పుడు వడ్డీ కడుతున్నాం. మెర్ల్ కూడా ఒప్పుకుంటున్నాడు, కానీ వినపడకుండా.

ఫ్రీమన్, ఇద్దరు పెద్దలు నిన్న వచ్చారు. మామయ్యతో మర్యాదగానే మాట్లాడారు. ఈసారి సమ్మతి ఆదివారం అక్టోబరు ఇరవై తొమ్మిదిన. ఆ రోజూ కాదంటే సంఘాన్ని ఇంకా పస్తుంచలేమని, ఆయన్ని పక్కన పెట్టి మిగతావాళ్ళం బల్లలో పాలుపుచ్చుకోవాల్సి వస్తుందని చెప్పారు. వాళ్ళు వెళ్ళాక ఆయన నాతో, "వచ్చే వసంతం దాకా ఉంటానో లేదో. రొట్టె తినకుండా పోతానేమో అనే ఒక్క భయమమ్మా" అన్నారు. అయినా ఆ గడియారం వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

మెర్ల్ అంతసేపూ కొట్టంలో గుర్రం జీను తుడుస్తూ ఉండిపోయాడు. అది మొన్ననే తుడిచాడు.

మాకోసం ప్రార్థించు.

నీ చెల్లెలు,
లిడియాన్


టొపీకా, ఇండియానా
అక్టోబరు 30, 2006

ప్రియమైన అక్కకు,

ముందే ఫలితం చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఎలాగూ చివరి పేజీ ముందు చదువుతావు. నిన్న మామయ్య సమ్మతమే అన్నారు. రెండు వారాల్లో ప్రభువు బల్ల ఉంది.

అది కూడా సాదాగా జరగలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు, సంఘం ఏ టైముకి రమ్మంటే ఆ టైముకి వస్తానని, తన ఇంట్లో ఒక గడియారం మాత్రం కదలదని, దానికి సెలవిస్తే సమ్మతమేనని అన్నారు. ఫ్రీమన్ ఎందుకని అడిగారు. మామయ్య కొడుకు వైపు చూశారు. అప్పుడు మెర్ల్ లేచి నిలబడ్డాడు. మగవాళ్ళ వరసలో అతని గొంతు నేను ఆడవాళ్ళ వైపు నుంచి విన్నాను. "అది మా అమ్మ పెట్టిన టైము. అది అలాగే ఉండాలని నేనూ అడుగుతున్నాను" అన్నాడు. ఫ్రీమన్ నియమాల కాగితం మడిచారు. ఆయన భార్య కూడా పోయినేడాదే పోయింది, నీకు రాశానో లేదో. చివరికి, ఆరాధనకీ బడికీ ఒకే టైము, ఇంటి గోడ మీది గడియారం ఇంటివాళ్ళ ఇష్టం అన్నారు. ఎవరూ కాదనలేదు.

మెర్ల్‌కి ఎలా తెలిసిందనుకుంటున్నావు కదా. నేను చెప్పలేదు. మనం ఒట్లు వేయం, నమ్మాల్సిందే.

నిన్న పొద్దున్నే కదా గడియారాలు వెనక్కి తిప్పాల్సింది. మాకు ఇది మొదటిసారి. మెర్ల్ పడుకోబోయే ముందే వంటింటి గడియారం తిప్పాడట. ఎవరికీ చెప్పలేదు. తెల్లవారక ముందు లేచి నేను తిప్పాను. కాఫీ పెడుతుంటే రోసన్నా వచ్చి, రాత్రి తనూ తిప్పాననుకుంటా అంది. వెనక్కా ముందుకా అంటే, నిద్రమత్తులో ఉన్నాను, గుర్తులేదంది. మెర్ల్ తన జేబు గడియారానికి ఫ్యాక్టరీ రోజుల్లో తప్ప తాళం ఇవ్వడు, అది ఎప్పుడో ఆగిపోయింది. సమ్మతి ఆదివారం నాడు, వంటింట్లో నలుగురం నిలబడి ఉన్నాం, ఇంట్లో ఒక్కరికీ టైమెంతో తెలీదు. గడియారం చూస్తే మూడు కూడా కాలేదంటోంది. కొట్టంలో ఆవులు అరుస్తున్నాయి.

బయట చీకటి. పెరటికి అవతల చిన్నింట్లో దీపం వెలుగుతోంది. మెర్ల్ కిటికీలోంచి అటు చూశాడు. తర్వాత టోపీ తీసుకుని బయల్దేరాడు. నేను కాఫీ కూజా పట్టుకుని వెనకే వెళ్ళాను, మెట్ల దగ్గర ఆగిపోయాను.

మామయ్య పాలకి బయల్దేరబోతూ బూట్లు వేసుకుంటున్నారు. మెర్ల్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆరు నెలల తర్వాత మొదటి మాట.

"నాన్నా, టైమెంతయింది?"

మామయ్య కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. లేచి గడియారం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. ఆ గడియారం ఆయన చూడకుండానే చెప్పగలరు.

"అయిదు కావస్తోంది. మీది ఏమంటోంది?"

"మాది ముగ్గురం తిప్పేశాం. మీరు తిప్పారా?"

"లేదు."

"ఏప్రిల్‌లో?"

"అప్పుడూ లేదు. మీ అమ్మ సరిచేసింది కదా. అంతే."

మెర్ల్ గడియారం వైపు, తర్వాత ఆయన వైపు చూశాడు. అతని మొహంలో అంతా తెలియడం నేను మెట్ల మీద నుంచి చూశాను అక్కా. కూజా బరువుగా ఉన్నా కింద పెట్టలేదు, చప్పుడవుతుందని. అతను లోపలికి వెళ్ళి, జేబులోంచి ఆగిపోయిన గడియారం తీసి, తాళం తిప్పి, ముళ్ళు అయిదు మీద పెట్టి, అవి కదలకుండా తాళం మర మీద బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. "కొంచెం చూసి చెప్పండి నాన్నా, దీన్ని దానికి కలుపుకుంటాను" అన్నాడు.

ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా మామయ్య కదల్లేదు. వచ్చాక కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు" అన్నారు.

నీ చెల్లెలు,
లిడియాన్